సీటు బెల్టు ప్రాణములను ఎంతవరకు కాపాడును?
(పంచాయతీ సభ్యులకు ఒక పాఠము)

ఎడ్లబండ్ల కాలమున పల్నాటి సీమలో ప్రయాణము నిదానముగా సాగెడిది. కోటప్పకొండ తిరునాళ్ళకు పోవువారు తెల్లవారుజామున బండి కట్టి, దారిలో చద్దిమూట విప్పుకొని, పొద్దువాలు వేళకు కొండ చేరెడివారు. బండి బోల్తా పడినను మోకాళ్ళు దోకుకొనుటయో, చేయి బెణకుటయో తప్ప ప్రాణములు పోవుట అరుదు. ఎద్దు నడక ఎంతో బండి వేగమును అంతే గదా!

నేడు స్థితి మారినది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. చిలకలూరిపేట మీదుగా 16వ జాతీయ రహదారి, మాచర్ల మీదుగా 565వ జాతీయ రహదారి, దాచేపల్లి, పిడుగురాళ్ళల మీదుగా అద్దంకి - నార్కెట్‌పల్లి రహదారి సాగుచున్నవి. ఊరికి నాలుగు కారులైనను లేని గ్రామము నేడు అరుదు. పెండ్లికి, ఆసుపత్రికి, గుంటూరు మిరప యార్డుకు, తుదకు మండల కార్యాలయమునకు సైతము కారులోనే పోవుచున్నాము. మన వేగము పెరిగినది. కాని మన దేహము తాతల నాటి దేహమే. ఎముకకు అదనపు బలము రాలేదు. ఈ రెండింటికిని నడుమ నిలిచి ప్రాణమును కాపాడుటకు కనిపెట్టబడిన సాధనమే సీటు బెల్టు.

ఈ పట్టీ నిజముగా ఎంత కాపాడును? ఎక్కడ కాపాడజాలదు? ఈ విషయమున పంచాయతీ సభ్యులు చేయదగిన పని యేమి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము చెప్పుట ఈ పాఠము ఉద్దేశము.

వేగము అనగా ఎత్తు

తాటిచెట్టు పైనుండి పడినవాడు బ్రతుకుట కష్టమని పిల్లవానికి కూడ తెలియును. కారులో కూర్చున్నప్పుడు మనము ఏ ఎత్తున నున్నామో మాత్రము మనకు తోచదు. గంటకు 40 కిలోమీటర్ల వేగముతో పోవు కారు గోడను ఢీకొనుట, సుమారు 6 మీటర్ల ఎత్తునుండి, అనగా రెండంతస్తుల మేడపైనుండి నేలపై పడుటతో సమానము. 60 కిలోమీటర్ల వేగమైనచో ఆ ఎత్తు 14 మీటర్లు. అది నాలుగంతస్తుల మేడ. 80 కిలోమీటర్లయినచో 25 మీటర్లు. వేగము రెట్టింపయినప్పుడు ఎత్తు రెట్టింపగుట కాదు, నాలుగు రెట్లగును. రహదారిపై కొంచెము వేగము పెంచినంతలో ఏమగునని తలచువారు ఈ లెక్కను గుర్తుంచుకొనవలెను.

నాలుగంతస్తుల మేడ అంచున కాళ్ళు వ్రేలాడవేసి కూర్చున్నవాడు నడుమునకు త్రాడు కట్టుకొనుటకు సిగ్గుపడునా? కారులో బెల్టు పెట్టుకొనుటకు సిగ్గుపడువారు ఈ ప్రశ్న తమను తాము వేసుకొనవలెను.

మూడు దెబ్బలు

నిండు బిందెలను ఎక్కించుకొని పోవుచున్న బండి ఒక్కసారిగా నిలిచినచో ఏమగును? బండి ఆగును, బిందె ముందుకు జరిగి బండి పలకకు కొట్టుకొనును, బిందె ఆగిన పిమ్మట దానిలోని నీరు ఎగసి చిందును. కారు ప్రమాదమునను ఇట్లే మూడు దెబ్బలు తగులును.

మొదటిది వాహనమునకు తగులు దెబ్బ. కారు లారీకో, చెట్టుకో, వంతెన గోడకో కొట్టుకొని, సెకనులో పదవ వంతు కాలమున నిలిచిపోవును. రెండవది మనిషికి తగులు దెబ్బ. కారు ఆగినను లోపలి మనిషి ఆగడు. కారు పోవుచుండిన వేగముతోనే ముందుకు పోయి స్టీరింగునకో, అద్దమునకో, ముందు సీటునకో కొట్టుకొనును. మూడవది దేహములోని అవయవములకు తగులు దెబ్బ. తల ఆగినను లోపలి మెదడు కపాలమునకు కొట్టుకొనును. గుండె, కాలేయము, ప్లీహము తమ స్థానములనుండి కదలి చిట్లును. పైకి గాయమేమియు కానరాని మనిషి కొన్ని గంటలలో మరణించుటకు తరచుగా ఈ మూడవ దెబ్బయే కారణము.

మొదటి దెబ్బను బెల్టు ఆపజాలదు. రెండవ దెబ్బను చాలవరకు తొలగించి, మూడవ దానిని తగ్గించును.

బెల్టు పనిచేయు విధము

కారులలో నేడున్న మూడు బిందువుల బెల్టును స్వీడను దేశమున వోల్వో కంపెనీ యందు ఇంజనీరుగా నుండిన నీల్స్ బోలిన్ రూపొందించెను. ఆయన అంతకు పూర్వము విమానములలో చోదకుని బయటకు విసరు సీట్ల నిర్మాణములో పనిచేసినవాడు. 1959లో ఈ బెల్టు వోల్వో కారులలో ప్రవేశపెట్టబడినది. ప్రజల ప్రాణములకు సంబంధించినది గావున, దాని పేటెంటును ఇతర కంపెనీలవారును ఉపయోగించుకొనుటకు ఆ కంపెనీ అనుమతించినది. 1970లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము ప్రపంచములో మొట్టమొదట బెల్టు ధరించుటను చట్టముచే నిర్బంధము చేసినది.

ఈ పట్టీలో ఒక భాగము తుంటి ఎముకల మీదుగా అడ్డముగాను, రెండవ భాగము భుజమునుండి రొమ్ము మీదుగా ఏటవాలుగాను పోవును. దేహములో ఎక్కువ ఒత్తిడిని ఓర్వగల ఎముకలు ఇవియే: తుంటి, రొమ్ము, మెడక్రింది ఎముక. ప్రమాదపు ఒత్తిడి మెత్తని పొట్టపైనను, ముఖముపైనను పడక ఈ గట్టి ఎముకలపై పంచబడును. పట్టీ కొంచెము సాగును గూడ. ఆ కొద్ది సాగుదలవలన మనిషి ఒక్కపెట్టున గాక, కారు ముందుభాగము నలుగుచున్నంతసేపు దానితోబాటు క్రమముగా నిలుచును. ఆగుటకు దొరకిన ఆ కొద్ది జానెడు దూరమే ప్రాణము దక్కుటకు హేతువగును.

పట్టీని మెల్లగా లాగినచో వచ్చును. కుదుపుతో లాగినచో బిగిసి నిలుచును. సభ్యులు తమ ఊరిలో నిలిచియున్న కారులో దీనిని స్వయముగా లాగి చూడవచ్చును. కుదుపునకు బిగియని బెల్టును వెంటనే మరమ్మతు చేయించవలెను. ఒకసారి పెద్ద ప్రమాదమున సాగిన బెల్టును తిరిగి వాడరాదు, మార్చవలెను.

బెల్టు చేయు మరియొక ముఖ్యమైన పని మనిషిని కారులోనే నిలిపి యుంచుట. కారు పల్టీలు కొట్టినప్పుడు బెల్టు లేనివాడు తలుపునుండియో, అద్దమునుండియో బయటకు విసరివేయబడును. రాతిపై పడియో, తన కారు క్రిందనే నలిగియో, ఎదురు వాహనమునకు తగిలియో మరణించును. బయటపడినవాడు అదృష్టవంతుడను మాట మన గ్రామములలో కలదు. అది నిజము కాదు. లోపల నిలిచినవాడే ఎక్కువగా బ్రతుకుచున్నాడు.

ఎంతవరకు కాపాడును?

కారు ముందు సీట్లలో భుజము మీదుగా బెల్టు ధరించినవారికి మరణాపాయము నూటికి 45 వంతులు, తీవ్ర గాయముల అపాయము నూటికి 50 వంతులు తగ్గునని అమెరికా దేశపు రహదారి భద్రతా శాఖ లెక్క. ముందు సీట్లవారికి మరణాపాయము 45 నుండి 50 వంతులు, వెనుక సీట్లవారికి 25 వంతులు తగ్గునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. బోలిన్ 1967లో స్వీడనులో జరిగిన 28,000 ప్రమాదములను పరిశీలించి ఒక నివేదికను ప్రకటించెను. బెల్టు లేనివారు అన్ని వేగములయందును మరణించిరి. బెల్టు ధరించినవారిలో గంటకు 60 మైళ్ళ, అనగా సుమారు 96 కిలోమీటర్ల లోపు వేగముగల ప్రమాదములలో మరణించినవారు లేరు.

ఈ అంకెలను సామాన్య భాషలో చెప్పవలెనన్న, బెల్టు లేక ముందు సీట్లలో మరణించిన ప్రతి పదిమందిలో నలుగురైదుగురు బెల్టు ధరించియుండినచో తమ ఇండ్లకు తిరిగి వచ్చియుండెడివారు. మిగిలిన ఐదారుగురను బెల్టు కూడ కాపాడియుండెడిది కాదు. ఈ రెండు వాక్యములును సత్యములే. మొదటిది మరచినవాడు నిర్లక్ష్యము చేయును. రెండవది మరచినవాడు బెల్టు పెట్టుకొంటినిగదా యని వేగము పెంచును.

మన దేశమున 2022వ సంవత్సరములో 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరని కేంద్ర రహదారి రవాణా శాఖ ప్రకటించినది. వారిలో సీటు బెల్టు ధరింపక మరణించినవారు 16,715 మంది. చోదకులు 8,384, ప్రయాణికులు 8,331. బండి నడుపువారెందరో, ప్రక్కన, వెనుక కూర్చున్నవారును దాదాపు అందరే యని గమనింపుడు. బెల్టు డ్రైవరుకు మాత్రమే యను భావము ఎంత పొరబాటో ఈ లెక్క చెప్పుచున్నది.

తెలుగునాట రెండు విషాదములు

2014 ఏప్రిల్ 23 రాత్రి ఆళ్ళగడ్డ శాసనసభ్యురాలు శ్రీమతి శోభా నాగిరెడ్డి ఎన్నికల ప్రచారము ముగించుకొని నంద్యాలనుండి ఆళ్ళగడ్డకు కారులో తిరిగి వచ్చుచుండిరి. రోడ్డుపై ఆరబోసిన ధాన్యపు రాశిని తప్పింపబోగా కారు బోల్తా పడినది. ఆమె వాహనమునుండి బయటకు విసరివేయబడి తీవ్రముగా గాయపడి, మరునాడు హైదరాబాదు ఆసుపత్రిలో మరణించిరి. ఆమె బెల్టు ధరించియుండలేదని నాటి పత్రికలు వ్రాసినవి.

2018 ఆగస్టు 29 ఉదయమున మాజీ పార్లమెంటు సభ్యులు, నటులు శ్రీ నందమూరి హరికృష్ణ తామే కారు నడుపుకొనుచు హైదరాబాదునుండి కావలికి ఒక వివాహమునకు బయలుదేరిరి. నల్లగొండ జిల్లా అన్నెపర్తి వద్ద కారు అదుపు తప్పి నడిమి విభాగినిని ఢీకొని పల్టీలు కొట్టినది. ఆయన బయటకు విసరివేయబడి మరణించిరి. బెల్టు ధరించియుండలేదని ఆనాడు వెల్లడియైనది. కారులో నున్న మరి ఇద్దరు గాయములతో బ్రతికిరి. ఆ రహదారియే కృష్ణానదిని దాటి మన దాచేపల్లి, పిడుగురాళ్ళల మీదుగా అద్దంకికి సాగును.

వీరిరువురును దూరప్రయాణములు ఎరిగినవారే; మంచి వాహనములు గలవారే. అధికారము, ధనము, అనుభవము ఢీకొన్న ఆ క్షణమున అడ్డు నిలువలేదు. మొదటి సంఘటనలో పంచాయతీ సభ్యులు మరియొక విషయమును గూడ చూడవలెను. ఒకచోట బెల్టు లేదు. అదే చోట రోడ్డుపై ధాన్యమున్నది. ఒకటి ప్రయాణికుని వంతు. రెండవది గ్రామము వంతు.

వెనుక సీటువారి మాట

ముందు కూర్చున్నవారికే గాని వెనుకవారికి బెల్టు అక్కరలేదని చాలమంది తలంచుచున్నారు. 2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో ప్రసిద్ధ పారిశ్రామికవేత్త శ్రీ సైరస్ మిస్త్రీ ప్రయాణించుచున్న కారు వంతెన గోడను ఢీకొనగా, వెనుక సీట్లలోని ఇరువురును మరణించిరి; ముందు సీట్లలోని ఇరువురును గాయములతో బ్రతికిరి. వెనుకవారు బెల్టు ధరింపలేదని పోలీసులు తెలిపిరి. అది ఎంతో విలువగల, సకల రక్షణములు గల కారు.

వెనుకవారు బెల్టు ధరింపకున్నచో చచ్చునది వారొక్కరే కాదు. ఆ దేహము బస్తావలె ఎగిరి ముందు సీటుపై పడి, బెల్టు ధరించియున్న ముందువారిని గూడ నలిపివేయును. జపాను దేశపు ప్రమాదముల లెక్కలను పరిశీలించిన వైద్యులు 2002లో ఒక విషయమును వెల్లడించిరి. వెనుకవారు బెల్టు లేకయున్నచో, బెల్టు ధరించిన ముందువారి మరణాపాయము దాదాపు ఐదు రెట్లగుచున్నది. వెనుక కూర్చున్న అన్న బెల్టు పెట్టుకొననిచో ముందు కూర్చున్న తమ్ముని ప్రాణమునకు ముప్పు. ఇది ఎవరి ఇష్టము వారిదను విషయము కాదు.

పిల్లలు, గర్భవతులు

పసిబిడ్డను ఒడిలో గట్టిగా పట్టుకొందునని తల్లి అనుకొనును. 10 కిలోల బిడ్డ 50 కిలోమీటర్ల వేగముతో పోవు కారు ఢీకొనినప్పుడు దాదాపు 140 కిలోల బరువుతో ముందుకు లాగబడును. అది మూడు మిరప టిక్కీల బరువు. ఎంతటి బలశాలియైనను మూడు టిక్కీలను చేతులతో అట్లు ఆపగలడా? తల్లి ప్రేమకు కొరత లేదు. చేతులకు ఆ శక్తి లేదు. చిన్నపిల్లలకు ప్రత్యేకమైన పిల్లల సీటును వెనుక సీటుపై బిగించి కూర్చుండబెట్టవలెను. అది లేనిచో కనీసము ముందు సీటున ఒడిలో కూర్చుండబెట్టుట మానవలెను. ఒకే బెల్టును తల్లికి, బిడ్డకు కలిపి చుట్టుట మరింత ప్రమాదము. తల్లి బరువు బిడ్డను నలుపును.

గర్భవతులు బెల్టు ధరింపరాదను భయము తప్పు. తప్పక ధరింపవలెను. అడ్డపట్టీ పొట్టపై గాక పొట్టక్రింద తుంటి ఎముకలపై ఉండవలెను. భుజపు పట్టీ రొమ్ముల నడుమనుండి పొట్ట ప్రక్కగా పోవలెను. తల్లి బ్రతికిననే కడుపులోని బిడ్డ బ్రతుకును.

కొన్ని సందేహములు

కారు సాగరు కాలువలో పడినచో బెల్టువలన బయటకు రాలేము గదా?
కుడికాలువ వెంట తిరుగువారి కీ భయము సహజమే. కాని నీటిలో పడునప్పుడు ముందు తగులునది గట్టి దెబ్బయే. ఆ దెబ్బకు తల కొట్టుకొని స్పృహ తప్పినవాడు బయటకు రాలేడు. బెల్టు ధరించినవాడు స్పృహతో నుండి మీట నొక్కి అద్దము దించుకొని బయటపడగలడు. మీట నొక్కుటకు ఒక క్షణము చాలును.

గాలిసంచులున్న కారుకు బెల్టు ఎందుకు?
2019 జూలై 1 తరువాత తయారైన కారులలో చోదకునికి గాలిసంచి నిర్బంధమైనది. గాలిసంచి బెల్టునకు తోడు గాని బదులు కాదు. అది రెప్పపాటు కంటె తక్కువ కాలమున మహావేగముతో ఉబ్బును. బెల్టు లేక ముందుకు తూలివచ్చు ముఖమునకు ఆ సంచియే దెబ్బయగును.

ఊరి చెంతనే గదా, బెల్టు ఎందుకు?
ప్రమాదము దూరమును చూడదు. 40 కిలోమీటర్ల వేగము మేడపైనుండి పడుటతో సమానమని పైన చెప్పితిమి. ఆ వేగము ఊరి పొలిమేరలోనే వచ్చును.

బెల్టు పెట్టుకొననిచో కారు గోలచేయుచున్నది. దానికి ఉపాయమున్నదట గదా?
ఆ కూతను ఆపుటకు కొందరు ఉత్త కొక్కెమును కొని గుచ్చుచున్నారు. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2023 మే నెలలో ఐదు ఆన్‌లైను వర్తక సంస్థలపై ఉత్తరువులు జారీచేయగా, అట్టి 13,118 ప్రకటనలు తొలగింపబడినవి. పంటకు కాపలాగా పెట్టిన కుక్క నోరు కట్టివేసి నిద్రపోవు రైతును మనమేమందుము?

బెల్టు కాపాడలేని చోటు

బెల్టు అన్నిటికిని మందు కాదు. మితిమీరిన వేగమునకు అది చాలదు. చీకటిలో దీపము లేక నిలిపియున్న లారీ వెనుకభాగమున కారు దూరిపోయినప్పుడు, ప్రక్కనుండి వాహనము నేరుగా మన తలుపును ఢీకొనినప్పుడు దాని రక్షణ తక్కువ. పొట్టపై ధరించిన బెల్టు ప్రేగులకు గాయము చేయగలదు. మెలితిరిగిన బెల్టు, చంకక్రిందనుండి పోనిచ్చిన బెల్టు సగము ప్రయోజనమును పోగొట్టును. సరిగా ధరించినను రొమ్ముపై కమిలిన గీత మిగులవచ్చును. ఆ గీతను చూచి బెల్టువలన దెబ్బ తగిలినదనుట తగదు. బెల్టు లేనిచో ఆ దెబ్బ ముఖమునకు, మెదడునకు తగిలియుండెడిది.

అంతకంటె పెద్ద మాట ఒకటి కలదు. సీటు ఉన్నవానికే బెల్టు. సీటే లేనివాని మాట ఏమి? మన పల్నాటిలో మిరపకోతల కాలమున వేలాది కూలీలు ఆటోలలోను, ట్రాక్టరు ట్రక్కులలోను క్రిక్కిరిసి పోవుచున్నారు. 2023 మే 17న దాచేపల్లి మండలము పొందుగుల వద్ద కూలీలతో వచ్చుచున్న ఆటో ప్రమాదమునకు గురికాగా పొరుగు జిల్లానుండి పనికి వచ్చిన స్త్రీలు ప్రాణములు కోల్పోయిరి. 2025 ఫిబ్రవరిలో ముప్పాళ్ళ మండలము బొల్లవరము వద్ద మిరపకోత ముగించుకొని వచ్చుచున్న కూలీల ట్రాక్టరు బోల్తాపడి నలుగురు స్త్రీలు మరణించిరి. వారికి బెల్టు లేదు, సీటు లేదు, పట్టుకొనుటకు కమ్మి లేదు. కారు గల గృహస్థునకు బెల్టు పెట్టుకొనుమని చెప్పి, అతని పొలమునకు వచ్చు కూలీని గూర్చి పలుకక యుండుట న్యాయము కాదు.

ఇందు చట్టపు చిక్కు కూడ కలదు. సరకు రవాణా వాహనములో ఉచితముగా ఎక్కి ప్రయాణించువారి మరణమునకు పరిహారము చెల్లించు బాధ్యత బీమా కంపెనీకి లేదని సుప్రీం కోర్టు 2002లో తీర్పు చెప్పినది. ప్రాణముతోబాటు కుటుంబమునకు రావలసిన ఆధారము సైతము పోవు ప్రమాదమున్నదని కూలీలకు, వారిని పిలుచు రైతులకు తెలియజెప్పవలెను.

చట్టము ఏమి చెప్పుచున్నది?

1989 కేంద్ర మోటారు వాహన నియమములలో 138వ నియమము ప్రకారము చోదకుడును, ముందు సీటున కూర్చున్నవారును, ముందుకు చూచునట్లున్న వెనుక సీట్లవారును ప్రయాణమున బెల్టు ధరింపవలెను. 2019 సవరణ చట్టముచే చేర్చబడిన 194-బి సెక్షను క్రింద బెల్టు లేనిచో 1,000 రూపాయల జరిమానా కలదు. 14 సంవత్సరములు నిండని బిడ్డను బెల్టు గాని, పిల్లల సీటు గాని లేక తీసికొని పోవుచో దానికిని 1,000 రూపాయల జరిమానా. జరిమానా వేయి రూపాయలే; ప్రాణమునకు వెల లేదు. పోలీసువారు కనిపించినప్పుడు భుజముపై వేసికొని, వారు దాటగనే తీసివేయువాడు ఎవరిని మోసగించుచున్నాడో ఆలోచింపవలెను.

ప్రమాదము చూచి సాయపడువారిని చట్టము రక్షించుచున్నది. 2016లో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పును, 2019 సవరణ చట్టములోని 134-ఎ సెక్షనును అనుసరించి, సదుద్దేశముతో క్షతగాత్రుని కాపాడినవానిపై కేసులుండవు. పేరు, చిరునామా చెప్పుమని నిర్బంధింపరాదు. కేసు భయముతో దారిన పోవువారు తొలగిపోవుటకు కారణము లేదు.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది: సర్పంచు, ఉపసర్పంచు, వార్డు సభ్యులు తామే ఆదర్శముగా నిలువవలెను. సభ్యుడు బెల్టు లేక కారు దిగినచో ఆయన చేయు ఉపన్యాసమును ఎవరు విందురు? బెల్టు పెట్టువరకు బండి కదల్పవలదని అద్దె కారు డ్రైవరుకు చెప్పుడు. నడుపువానికి అది అవమానము కాదు. మీరు తోడుగా నిలిచితిరని సంతోషించును.

రెండవది: రోడ్డుపై పంట ఆరబోయుట మాన్పవలెను. రైతుకు చోటు చూపక వలదనుట మాత్రము చాలదు. ఊరి ఉమ్మడి కల్లములను బాగుచేయించి, ఖాళీస్థలములను ఏర్పరచి, ఏ వాడవారు ఏ చోట ఆరబోసికొనవలెనో కోతలకు ముందే గ్రామసభలో నిర్ణయింపవలెను. అప్పుడు రోడ్డును ఆక్రమించువానికి నచ్చజెప్పుట సులభము. ప్రజామార్గమున అడ్డంకి కల్పించి అపాయము తెచ్చుట భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షను క్రింద నేరము. 5,000 రూపాయల వరకు జరిమానా కలదు. రాత్రివేళ రాశి చుట్టు రాళ్ళు పేర్చుట మరింత ఘోరము.

మూడవది: కూలీల రవాణా. రైతులను, మేస్త్రీలను, ఆటోవారిని కోతలకు ముందు ఒకచోట కూర్చుండబెట్టవలెను. సీట్లున్నంతమందినే ఎక్కించుట, అవసరమైనచో రెండుసార్లు తిప్పుట, ట్రక్కులో మనుష్యులను ఎక్కింపకుండుట అను మూడు విషయములపై ఊరుమ్మడి కట్టుబాటు చేసికొనవలెను. అదనపు ఖర్చును రైతు ఒక్కనిపై గాక ఎట్లు పంచుకొనవలెనో ఆ సభయందే తేల్చవలెను.

నాలుగవది: పెండ్లి బృందములు, కోటప్పకొండ ప్రభల యాత్ర, కారెంపూడి వీరుల ఉత్సవము. బంధువులందరును ఒకే కారులో కిక్కిరిసి పోవు సమయములివి. ఐదు సీట్ల కారులో తొమ్మిదిమంది ఎక్కినచో నలుగురికి బెల్టు లేనట్లే. బయలుదేరుటకు ముందే ఊరిలో దండోరా వేయించుట మేలు.

ఐదవది: ప్రమాదము జరిగినప్పటి సన్నాహము. 108 అంబులెన్సు, జాతీయ రహదారిపై 1033 సంఖ్యలను పంచాయతీ గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపుడు. మెడ, వెన్ను దెబ్బతిన్నవానిని చేతులు, కాళ్ళు పట్టి లాగరాదని యువకులకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వైద్యునిచే చెప్పింపుడు.

ఆరవది: పాఠశాల. పిల్లవాడు నాన్నా, బెల్టు అని ఒక్కమాట అనిన, ఆ మాటకున్న బలము ఏ జరిమానాకును లేదు.

ముగింపు

ఇండ్లకు తాళము వేసి, పశువులకు పలుపు వేసి, ధాన్యమునకు గాదె కట్టి జాగ్రత్తపడు జాతి మనది. కారెక్కిన క్షణమున మాత్రము ఆ జాగ్రత్తను మరచుచున్నాము. బెల్టు పెట్టుకొనుటకు మూడు సెకనులు పట్టును. మరణింపవలసిన పదిమందిలో నలుగురైదుగురను ఇంటికి తెచ్చు ఉపాయము అంత చౌకగా మరెచటను దొరకదు. మిగిలినవారిని కాపాడునవి మితమైన వేగము, అడ్డంకిలేని రోడ్డు, కిక్కిరియని బండి. మొదటిది ప్రయాణికుని చేతిలో నున్నది; తక్కినవాటిలో గ్రామము చేయి చాల కలదు. తదుపరి గ్రామసభలో ఈ విషయమునకు అరగంట కేటాయింపుడు.

గ్రామసభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన ఊరిలో ఎన్ని కారులు, ఎన్ని ఆటోలు కలవు? వానిలో ఎన్నింటికి వెనుక సీటు బెల్టులు పనిచేయుచున్నవి?
2. గడచిన కోతల కాలమున మన పొలిమేరలో రోడ్డుపై పంట ఎచ్చటెచ్చట ఆరబోయబడినది? దానికి బదులు చోటు ఎచట చూపగలము?
3. కూలీలను తెచ్చు వాహనములలో సీట్లకు మించి ఎక్కింపకుండ ఏ కట్టుబాటు చేసికొందము? ఖర్చు ఎవరు భరింతురు?
4. మన ఊరినుండి దగ్గరి ఆసుపత్రి ఎంత దూరము? రాత్రివేళ ప్రమాదము జరిగినచో మొదట పిలువవలసినది ఎవరిని?
5. పంచాయతీ సభ్యులలో ఈనాటి సమావేశమునకు కారులో వచ్చినవారెందరు? వారిలో బెల్టు ధరించి వచ్చినవారెందరు?